దడి మార్చే ముందు

మిత్రులారా, ఈ వారం సిద్ధాంత చర్చ ఏమీ లేదు. మా ఇంటి దడి గురించి రాస్తున్నా. రాయాలా వద్దా అని పది రోజులు ఆగాను. ఎందుకు ఆగానో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

మొన్నటి వానలకు దుగ్గిరాలలో మా ఇంటి దడి పడిపోయింది. పడమటి వైపు సగం ఒరిగింది. వెనక వైపు మొత్తం నేల మీద పడింది. అమ్మ ఫోన్ చేసి, "అబ్బాయ్, కుక్కలు, పందులు అన్నీ వాకిట్లోకొస్తన్నయ్ రా. ఈసారి కమ్మ కట్టిస్తే సరిపోదు. అన్నదమ్ములిద్దరూ వచ్చి ఏదో ఒకటి గట్టిది చెయ్యండి" అంది. ఆదివారం ఇద్దరం వెళ్లాం.

పల్లెల్లో పెరగని విద్యార్థుల కోసం ఒక మాట. దడి అంటే సర్వి గుంజలు వరసగా పాతి, అడ్డంగా వెదురు బద్దలు వేసి, వాటికి తాటి కమ్మలు నిలబెట్టి తాటి నారతో బిగించేది. గుంజ మొదలుకి చెద పట్టకుండా మంటలో కాల్చి పాతేవాడు మా నాన్న. ఏడాదికో, రెండేళ్లకో కమ్మ మార్చాలి. ఎండాకాలం చివర, వానలు పడకముందే మార్చాలి. మా ఊళ్లో అది పసుపు పనులు అయిపోయి చేతిలో నాలుగు డబ్బులుండే కాలం. అమ్మ గోడౌన్లలో పసుపు కొమ్ములు ఏరిన కూలి డబ్బుల్లో కొంత ప్రతిసారీ దడికే పోయేది. కమ్మ కొనేటప్పుడు కూడా ఆమె వేళ్లు పసుపు రంగులోనే ఉండేవి.

మా స్థలం మూడు సెంట్లు. తాత పేరున ఇచ్చిన ఇళ్ల స్థలం పట్టా. వెడల్పు 30 అడుగులు, లోతు నలభై మూడున్నర. ముందు వీధి. తూర్పున మా బాబాయి వాళ్ల గోడ. వెనక ఒక ఆసామి పొలం గట్టు. పడమర మా దడి అవతల మాదిగపల్లె మొదటి ఇల్లు. మాది మాలపల్లె చివరి ఇల్లు. రెండు పల్లెలకూ మధ్య ఉన్న సరిహద్దు మా ఇంటి దడే.

తమ్ముడు అన్నీ మాట్లాడుకునే వచ్చాడు. సిమెంటు స్తంభాలు నిలబెట్టి వాటి మధ్య పలకలు దించే రెడీమేడ్ గోడ. రెండు రోజుల్లో అయిపోతుంది. వెనక ఆరడుగులు, పడమర ఆరడుగులు. "డబ్బు నేను పెట్టుకుంటాను, నువ్వు పక్కనుండి చేయించు చాలు" అన్నాడు. నాకూ బాగానే అనిపించింది. ఇన్నేళ్లూ కమ్మలతో బతికాం, మనకీ ఒక గోడ ఉంటే తప్పేంటి?

పాత గుంజలు పీకబోతుంటే అమ్మ అడ్డొచ్చింది. "ఆగండి. మీ నాయనమ్మ ఉంటే ముందు కొలవమనేది."

నాయనమ్మకు ఒక నియమం ఉండేది. పాత గుంజ పీకిన గుంటలోనే కొత్త గుంజ దించాలి. దించేదాకా పక్కనే నిలబడేది. పొలం వైపు జరిపితే తగాదా వస్తుంది, ఇంటి వైపు జరిపితే ఆ నేల ఇక మనది కాదు అనేది. ఆమె పోయాక ఆ నియమమూ పోయింది. కమ్మ కట్టడానికి వచ్చినవాళ్లు "గట్టు మీద ఎందుకులే, ఆసామి చూస్తే అరుస్తాడు" అని గుంజను జానెడు ఇవతల దించేవాళ్లు. నాన్న ఊరుకునేవాడు. ఎండాకాలం ఆ పొలంలోనే కూలికి పోవాలి మరి. దడి ఇవతలికి జరిగిన ప్రతిసారీ వెనకే గట్టు కూడా జరిగింది. మా మీదికి ఎవరూ కర్రలతో రాలేదు. ఎవరూ తిట్టలేదు కూడా. మేమే తగ్గుతూ వచ్చాం.

అందుకని గోడ పని ఆపి, హద్దులు కొలవడానికి దరఖాస్తు పెట్టాం. ఎఫ్-లైన్ పిటిషన్ అంటారు. ఇది తెలియనివాళ్లు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతా. హద్దులు తేల్చే పని 1923 నాటి సర్వే, హద్దుల చట్టం కింద జరుగుతుంది. మీసేవలో దరఖాస్తు పెట్టుకుంటే, సర్వేయర్ చుట్టూ ఉన్న హద్దుదారులకు నోటీసు ఇచ్చి, వాళ్ల ముందు కొలుస్తాడు. కొలిచినట్టు కాగితం ఇస్తాడు. ఆ కాగితం చాలా ముఖ్యం. 1963 నాటి లిమిటేషన్ చట్టం 65వ ఆర్టికల్ ప్రకారం, మీ ప్రైవేటు స్థలం అవతలివాడి చేతిలో, మీది కాదన్నట్టుగా, అందరికీ తెలిసేలా 12 ఏళ్లు ఉండిపోతే దాన్ని తిరిగి అడిగే దావా హక్కు పోతుంది. మరో పక్క 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఎస్సీ ఎస్టీల భూమిని అక్రమంగా ఆక్రమించడం, వాళ్ల స్థలం నుంచి వాళ్లను తప్పించడం నేరాలని అందులోని 3(1) సెక్షన్ ఎఫ్, జి క్లాజుల్లో ఉంది. కానీ ఏ సెక్షన్ ఎత్తినా ముందు అడిగేది ఒకటే: నీ హద్దు ఎక్కడ? దడిని చూపిస్తే అది ఇప్పటికే జరిగిపోయిన హద్దు. అందుకే పాతది పీకేముందు కొలిపించండి. పీకేశాక ఆ గుంటలు కూడా మిగలవు.

సర్వేయర్ వచ్చిన రోజు ఆసామి రాలేదు. కౌలుదారును పంపాడు. కొలిస్తే వెనక వైపు రెండడుగులు తగ్గింది. 30 అడుగుల పొడవున రెండడుగులంటే ఏడు గజాలకు కాస్త తక్కువ. మొత్తం 145 గజాలు ఉన్నవాడికి ఏడు గజాలంటే ఒక వంటగది. తమ్ముడు నా వైపు చూసి, "చూశావా" అన్నాడు. నాకు లోపల ఎక్కడో గర్వంగా కూడా ఉంది. ఈ వారం మీకు రాయడానికి మంచి విషయం దొరికిందనుకున్నా. శీర్షిక కూడా అనుకున్నా.

అప్పుడు సర్వేయర్ పడమటి వైపుకు వెళ్లాడు.

అక్కడ మా దడి హద్దు దాటి ఉంది. ఒక అడుగు అవతలి ఇంటి స్థలంలోకి. వాళ్లదీ మూడు సెంట్ల పట్టానే. మా ఇంటి లోతు పొడవునా ఒక అడుగు అంటే వాళ్లకు పోయింది ఐదు గజాలకు దగ్గర.

తమ్ముడు "సరిగ్గా చూడండి సార్, మళ్లీ కొలవండి" అన్నాడు. మళ్లీ కొలిచారు. అంతే వచ్చింది. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ తల దించుకుని, "ఆ మూల చింతగుంజ పాతినప్పుడు మీ నాన్న కాస్త జరిపాడు. వాళ్లు ఏమనరులే అనుకున్నాం" అంది.

వెనక వైపు అరుస్తాడని ఇవతలికి జరిపాం. పడమటి వైపు అరవరని అవతలికి జరిపాం. దుగ్గిరాల పసుపు యార్డు ముందు మైకు పట్టుకుని కులం గురించి నేను చెప్పిన మాటలన్నీ ఆ నిమిషంలో గుర్తొచ్చాయి.

మీకు తెలుసు, నేను మీటింగుల్లో ఉత్తపురం గోడ గురించి చాలాసార్లు చెబుతుంటాను. మదురై జిల్లాలో 1989లో దళితులను వేరు చెయ్యడానికి కట్టిన గోడ. 2008 మే 6న దానిలో కొంత భాగం పడగొట్టి దారి ఇచ్చారు. మేట్టుపాళయం దగ్గర నడూరు గురించీ చెబుతుంటాను. 2019 డిసెంబరు 2 తెల్లవారుజామున, వానకు ఒక ఇంటి ప్రహరీ కూలి పక్కనున్న అరుంధతీయుల ఇళ్ల మీద పడింది. 17 మంది చనిపోయారు. అది తమను దూరం పెట్టడానికి అంత ఎత్తు కట్టిన గోడ అని అక్కడివాళ్లు చెప్పారు. పడమటి తమిళనాడులోని అరుంధతీయుల్లో ఎంతోమంది ఇళ్లలో తెలుగే మాట్లాడుకుంటారు. వాళ్లు మనకు పరాయివాళ్లు కాదని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి. అలాంటి నేను మాదిగ ఇంటి వైపు ఆరడుగుల గోడకు సరే అన్నాను. ఎందుకు ఆరడుగులు అని తమ్ముణ్ణి ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ రాత్రి అడిగాను. "2024 ఆగస్టులో వర్గీకరణ తీర్పు వచ్చినప్పటి నుంచీ వాళ్లూ మనమూ సరిగ్గా మాట్లాడుకోవట్లేదు కదన్నా. ఎవరి వాకిలి వాళ్లకుంటే గొడవుండదు" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. మా ఇళ్లలో ఇప్పుడు చాలామంది అంటున్న మాటే అది.

ఆ దడికి ఒక కంత ఉండేది. మూడు కమ్మలు పక్కకు తోస్తే మనిషి పట్టేంత. అందులోంచి నాయనమ్మ అవతలి ఇంటికి కూర ఇచ్చేది. వాళ్లు ఇస్తే మాత్రం తీసుకునేది కాదు. "మేము తిన్నామమ్మా" అనేది. మేము తినలేదని నాకు తెలుసు. పిల్లప్పుడు అది మర్యాద అనుకున్నా. పెద్దయ్యాక అర్థమైనా ఇన్నేళ్లలో ఎక్కడా రాయలేదు. ఆసామి ఇంట్లో మాకు పైనుంచి పోసిన నీళ్ల గురించి మాత్రం ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. మా స్టేషన్‌లో రైలెక్కితే తెనాలి దాటాక వచ్చే ఊరు. కొందరి శవాలను గోనె సంచుల్లో కుక్కి తుంగభద్ర కాలువలో పడేశారని వార్త వచ్చిన రాత్రి మా రెండు పల్లెల్లో ఎవరూ నిద్రపోలేదు. నేను నాలుగో తరగతి. పడమటి దడి కమ్మలు నాన్నే ఊడదీశాడు. రెండిళ్ల ఆడవాళ్లూ పిల్లలూ ఒకే వాకిట్లో పడుకున్నాం. అవతలి ఇంటి అత్త తెల్లారి జావ కాచి తెచ్చింది. అమ్మ తాగింది, మాకు తాగించింది. నాయనమ్మ చూస్తూ ఉండిపోయింది. కారంచేడులో 1985లో చచ్చిపోయింది మాదిగలు. చుండూరులో మాలలు. రెండుచోట్లా వీధిలోకి వచ్చింది అదే దళిత మహాసభ. ఆ రోజుల్లో దడి తీసేయడం ఎవరికీ కష్టం కాలేదు. వారం తర్వాత నాన్న మళ్లీ కట్టాడు. ఎక్కడ కట్టాడో ఇప్పుడు సర్వేయర్ గొలుసు చెప్పింది.

మర్నాడు అమ్మా నేనూ ఆ అత్త దగ్గరికి వెళ్లాం. కాగితం చూపించి, తప్పు మాదే, వెనక్కి జరుగుతాం అని చెప్పాను. ఆమె కాగితం వైపు చూడలేదు.

"నాకు తెలుసయ్యా. మీ నాన్న గుంజ పాతిన రోజు మా ఆయన చూశాడు. అడుగుతానంటే నేనే వద్దన్నా. పల్లె పెద్దల్లో మా మాట ఎవరు వింటారు? మీ ఇంట్లోంచి మంచినీళ్లు కూడా పట్టుకునే రోజులవి" అంది.

మా అమ్మ ఆసామి గురించి ఎప్పుడూ చెప్పే మాట ఇదే. ఒక్క అక్షరం తేడా లేదు. నేను "క్షమించత్తా" అన్నాను. ఆమె, "నన్నెందుకు అడుగుతావు, ఆయన పోయి ఆరేళ్లయింది" అంది. ఆ తర్వాత చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

వెనక వైపు సర్వే రాయి దగ్గర సిమెంటు స్తంభాలు దిగాయి. ఆసామి "రెండడుగుల కోసం ఇంత చెయ్యాలా" అని ఎవరితోనో అన్నాడట. చెయ్యాలి. పడమటి వైపు కూడా సర్వే రాయి దగ్గరికే వెనక్కి జరిగాం. అటు ఆరడుగుల గోడ వద్దని అత్తను అడిగాకే నిర్ణయించాం. నడుము ఎత్తు గోడ, మధ్యలో ఇనప తలుపు. ఖర్చు మాది. గడియ ఎటు పెట్టాలని మేస్త్రి అడిగితే తమ్ముడే "వాళ్ల వైపు పెట్టు" అన్నాడు. వాడి అభిప్రాయం ఏమీ మారలేదు, వర్గీకరణ గురించి ఇప్పటికీ వాదిస్తాడు. కానీ గుంజ వెనక్కి జరపడానికి వాడే గడ్డపార పట్టాడు.

చింతగుంజ పీకినప్పుడు దాని మొదలు ఇంకా నల్లగా కాలినట్టే ఉంది. చెద పట్టలేదు. నాన్న పని అంత గట్టిగా ఉండేది.

ఇదంతా రాస్తే మన ఐక్యతకు దెబ్బ అని ఇద్దరు మిత్రులు అన్నారు. మన వాకిళ్ల మధ్య ఉన్నది చెప్పకుండా దాచిపెట్టే ఐక్యత ఆ అత్తకు ఎందుకు పనికొస్తుందో నాకు తెలియలేదు. అందుకే రాశాను.

మీ ఇంటి దడి, కంచె, గోడ ఏది మార్చినా ముందు కొలిపించండి. మనకు రావాల్సిన వైపు ఒక్కటే కొలిపించి ఆగకండి. నాలుగు వైపులా కొలిపించండి.

జై భీమ్.