ఛోటే కా, బడే కా

మా ఇంట్లో మాంసానికి రెండు పేర్లు. మేకదైతే ఛోటే కా. ఎద్దుదో దున్నదో అయితే బడే కా. ఊళ్ళల్లో దళితులు పెద్దకూర అంటారు. వాళ్ళ మాటకూ మా మాటకూ కొలత ఒకటే. గడప దాటితే మాత్రం రెండు పేర్లూ పోయి ఒకటే మిగులుతుంది: మటన్. ఆఫీసులో టిఫిన్ డబ్బా మూత తీయగానే ‘ఇవాళ ఏంటి సార్’ అని అడిగేవాళ్ళకు ఇరవై ఏళ్ళుగా మేం చెప్పే జవాబు అదే. నిజంగా బడే కా ఉన్ననాడు ఎవరికీ పెట్టం. ‘కారం ఎక్కువైంది, మీరు తినలేరు’ అని ఇంకో అబద్ధం కలుపుతాం. అబద్ధమాడుతున్నామన్న బాధ కూడా ఎప్పుడో పోయింది.

మా తమ్ముడు అమెరికాలో అయోవా రాష్ట్రంలో, సీడర్ రాపిడ్స్ అనే ఊళ్ళో ఉంటాడు. మొక్కజొన్నకూ పందుల పెంపకానికీ పేరుపడ్డ రాష్ట్రం. అయినా ఆ ఊళ్ళో 1934లో అరబ్బు వలసదారులు కట్టుకున్న మసీదు ఇంకా నిలిచే ఉంది. అక్కణ్ణుంచి గంట ప్రయాణంలో మస్కటీన్ అని ఇంకో ఊరు. 1926లో ఫ్రెడ్ ఏంజెల్ అనే ఆయన అక్కడ మెయిడ్ రైట్ అనే చిన్న హోటల్ పెట్టాడు. అందులో అమ్మింది ఒకటే సంగతి. పశువు ఖీమాను ముద్ద చేయకుండా పొడిపొడిగా ఉడికించి, మెత్తని బన్నులో నింపి, పైన ఉల్లిముక్కలూ, ఊరేసిన కీరా ముక్కలూ, ఆవముద్దా వేసి ఇవ్వడం. తింటుంటే అంచుల్లోంచి ఖీమా రాలిపోతుంది. అందుకని చెంచా కూడా ఇస్తారట. దాన్ని అక్కడ లూజ్ మీట్ శాండ్‌విచ్ అంటారు. మన దగ్గర ‘లూజు’కు ఉన్న ఇంకో అర్థం తలచుకుని మేం చాలాసేపు నవ్వుకున్నాం.

మా తమ్ముడు దాన్ని హోటల్లో ఎప్పుడూ తినలేదు. హలాల్ కాదు కదా. తోటి ఉద్యోగులు తింటుంటే కాఫీ తాగుతూ కూర్చుని, ఎలా చేస్తారో అడిగి తెలుసుకుని, హలాల్ మాంసం తెచ్చుకుని ఇంట్లో చేసుకోవడం మొదలుపెట్టాడు. మొన్న చలికాలంలో పిల్లలతో వచ్చినప్పుడు మాకూ చేసి పెడతానన్నాడు.

కిలో బడే కా ఖీమా తెచ్చాం. బేకరీ బన్ను తియ్యగా ఉంటుందని పావ్ తెమ్మన్నాడు. అమ్మీ ఖీమాను జల్లెడలో వేసి మూడు నీళ్ళు కడిగింది. అక్కడెవరూ కడగరని వాడంటే, వాళ్ళ ఖర్మ అంది. వాడి పద్ధతిలో ఖీమాను ఎర్రగా వేయించకూడదు. సన్నని మంట మీద కట్టె గరిటెతో చిదుపుతూ ఉండాలి. ఉల్లిపాయ, ఉప్పు, మిరియాల పొడి, ములిగేంత నీళ్ళు. ఆ నీళ్ళు ఇంకిపోవాలి గానీ ఖీమా ఎండిపోకూడదు. అంతే. అల్లం వెల్లుల్లి లేదు, పసుపు లేదు, కొత్తిమీర లేదు. ‘బీమార్ వాళ్ళ తిండా ఇది?’ అని అమ్మీ. నీళ్ళకు బదులు ఎముకల యఖ్నీ పోయడానికి వాణ్ణి ఒప్పించింది. వాడు ఫోను మాట్లాడటానికి బయటికెళ్ళగానే చెంచాడు అల్లం వెల్లుల్లి కూడా పడేసింది. మేం చూశాం, చెప్పలేదు.

పావుగంటలో అయిపోతుందన్నవాడు గంట నిలబడ్డాడు. అక్కడి ఖీమాలో ఐదో వంతు కొవ్వేనట. అది కరిగి, దానిలోనే మాంసం మెత్తబడుతుంది. ఇక్కడ మాకు దొరికేది ఎక్కువగా దున్నది, కొవ్వు తక్కువ, నూనె పోయాల్సిందే. పైగా ముదురు. మన రాష్ట్రంలో 1977 నుంచి చట్టం ఉంది. ఆవునూ దూడనూ కోయరాదు. మిగతావి కోయాలంటే పాలకూ, దుక్కికీ, పొదకూ ఇక పనికిరావని సర్టిఫికెట్ ఉండాలి. రైతుకు చేయగలిగినంత చాకిరీ చేసిన తర్వాతే అది మా గిన్నెలోకి వస్తుంది. ఉడకడానికి గంట పట్టదా మరి.

సరిగ్గా అప్పుడే ఒక మిత్రుడు వచ్చారు. పెద్దాయన, అభ్యుదయవాది. మా మీద దాడి జరిగిన ప్రతిసారీ సభల్లో మా తరఫున గొంతెత్తిన మనిషి. ‘వాసన అదిరిపోతోందమ్మా, ఏంటది?’ అన్నారు. అమ్మీ క్షణం కూడా ఆలోచించలేదు.

‘చిన్నదే బాబూ, మేకది.’

మా మరదలు ప్లేటు తెచ్చి పెట్టేసింది. ఆయన పావ్ చేతిలోకి తీసుకున్నారు. డబ్బా దగ్గరి అబద్ధం వేరు. అది మమ్మల్ని కాపాడుకోవడానికి. ఇది ఆయన నోట్లోకి పోయే అబద్ధం. ‘మోసం చేసి తినిపిస్తారు’ అని మా మీద ఉన్న నిందను మా చేతులతోనే నిజం చేస్తున్నాం.

‘సార్, ఆగండి. అది పెద్దది’ అన్నాం.

ఆయన పావ్‌ను మెల్లగా ప్లేట్లో పెట్టారు. మొహం ఎర్రబడింది. ‘డాలస్‌లో మా అబ్బాయి దగ్గర తిన్నానండీ. బర్గరు. అక్కడ ఏమీ అనిపించలేదు. ఇక్కడ ఎందుకో...’ అని ఆగిపోయారు. చాయ్ తాగి వెళ్ళారు.

తిననందుకు ఆయన మీద మాకు కోపం లేదు. మెయిడ్ రైట్‌లో మా తమ్ముడూ కాఫీతోనే సరిపెట్టుకుంటాడు కదా. ఎవరి పట్టింపు వాళ్ళది. మమ్మల్ని గుచ్చింది ఆ ‘ఇక్కడ’ అనే మాట. డాలస్‌లో ఆయన చేతిలో ఉన్నది భోజనం. మా ఇంటికొచ్చేసరికి అదే మా మతమైపోయింది.

అమ్మీ కోపం మాత్రం మా మీద. ‘కైకు బోలే? నలుగురికీ చెప్తే?’ అంది. ఆయన అలాంటివారు కాదన్నాం. 1990 డిసెంబరులో పాతబస్తీ తగలబడ్డప్పుడు కూడా అందరూ అలాగే అన్నారంది. 2015లో దాద్రీ దగ్గర, ఇంట్లో ఆవు మాంసముందన్న పుకారు మీద అఖ్లాక్‌ను కొట్టి చంపిన వార్త ఆమెకు చదివి వినిపించింది మేమే. ఆ రాత్రి ఆమె మా ఫ్రిజ్ ఖాళీ చేసింది. ఆ విషయం మేమే మరిచిపోయాం.

రాత్రికి పావ్‌లు తిన్నాం. బాగున్నాయి, అల్లం వెల్లుల్లి వల్లేనని అమ్మీ నమ్మకం. తమ్ముడు ఈసారి అక్కడికంటే బాగా కుదిరిందని ఆశ్చర్యపోయాడు. మిగిలిన ఖీమాను అమ్మీ పొద్దున పచ్చిమిర్చి, పసుపు వేసి తిరగమోత పెట్టి ఖిచిడీ, ఖట్టాలతో వడ్డించింది. తమ్ముడి కొడుకు ఆవముద్ద సీసా కోసం వెతుకుతున్నాడు. అమ్మీ మా టిఫిన్ డబ్బాలో కూడా ఖీమానే సర్ది మూత పెట్టింది. మళ్ళీ తెరిచి, మా మొహం చూసి, ‘అడిగితే ఏం చెప్తారు?’ అంది.