మంటకు కావలసిన గాలి

గీజరు అన్న మాట ఐస్‌లాండు దేశం నుంచి వచ్చింది. అక్కడ భూమిని చీల్చుకుని ఆకాశానికి చిమ్మే వేడినీటి ఊట ఒకదానికి గేసిర్ అని పేరు. ఉప్పొంగడమన్న అర్థంగల క్రియనుంచి పుట్టిన ఆ పేరును, 1868లో లండన్ నగరవాసి బెంజమిన్ వాడీ మాన్, గ్యాసు మంటతో నీళ్ళు కాచే తన యంత్రానికి పెట్టుకున్నాడు. ఆ తొలి యంత్రానికి పొగగొట్టం లేదు. కాలిన వాయువులన్నీ స్నానంచేసే మనిషి ఉన్న గదిలోనే మిగిలిపోయేవి. నూటయాభై ఏళ్ళు దాటినా, మన దేశంలో ఎన్నో ఇళ్ళలో ఇప్పటికీ జరుగుతున్నది అదే.

మా చిన్నతనంలో నీళ్ళు కాగింది పెరట్లో. మూడు రాళ్ళ పొయ్యి, దానిమీద రాగి కాగు, కింద కొబ్బరిమట్టలూ పిడకలూ. పొగకు కళ్ళు మండేవి. అయినా ఆ పొగ ఆకాశంలో కలిసిపోయేది. తరువాత స్నానాలగది పడకగదిని ఆనుకుని ఇంటి నడిమికి వచ్చింది. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, లోపల గడియ, అద్దాలు బిగించిన చిన్న కిటికీ. పెరటి పొయ్యి చేసిన పనినే ఆ గదిలో గోడకు తగిలించిన పెట్టెకు అప్పగించాము. ఆకాశాన్ని మాత్రం వెంట తెచ్చుకోలేదు.

ఆమధ్య గీజర్లు తయారుచేసే ఒక సంస్థవారి సూచనల పుస్తకాన్ని తెలుగు చేసే పని నాకు వచ్చింది. అనువాదకులకు ఎప్పుడూ కావ్యాలూ నవలలే రావు కదా! పుస్తకంలో తరచుగా కనిపించిన మాట ‘అడిక్వేట్ వెంటిలేషన్’. తెలుగులో అలవాటుగా ‘తగినంత గాలీ వెలుతురూ’ అంటాము. ఈ జంటపదం వినసొంపుగానే ఉంటుంది కాని, ఇక్కడ దానితో ప్రమాదం. అద్దాల కిటికీ వెలుతురిస్తుంది, గాలినివ్వదు. ‘తగినంత’ అన్నది ఎవరికి తగినంత? స్నానంచేసే మనిషికా, మండే మంటకా?

జవాబు మా ఇంట్లోనే దొరికింది. అవే రోజులలో మేమూ గ్యాసు గీజరు కొన్నాము. బిగించడానికి వచ్చిన మెకానిక్కు అరవయ్యేళ్ళ పెద్దమనిషి. స్నానాలగదిలోకి తొంగిచూసి, చేతి సంచీ దించకుండానే, “ఇక్కడ పెట్టనమ్మా” అన్నారు.

“కిటికీ ఉన్నదిగా నాయనా?” అన్నారు మా అత్తగారు.

“ఉన్నదండీ. చలికాలం రాగానే దాన్ని మీరే మూస్తారు.”

అత్తగారు మరి మాట్లాడలేదు. నేను ఆ సాయంత్రం కాగితంమీద లెక్క వేసి చూశాను. నిమిషానికి 6 లీటర్ల నీటిని 25 డిగ్రీల మేర వేడెక్కించాలంటే 150 కిలోకెలోరీల వేడి కావాలి. గీజరులో కొంత వేడి వృథాగా పోతుంది కనుక, దాని మంట వంటింటి స్టవ్వులోని ఒక బర్నరుకు సుమారు ఐదు రెట్లు ఉండవలసి వస్తుంది. వంటగ్యాసులో ప్రధానంగా ఉండేవి ప్రొపేను, బ్యూటేనులు. ఒక లీటరు ప్రొపేను వాయువు పూర్తిగా కాలడానికి 24 లీటర్ల గాలి కావాలి, బ్యూటేనుకైతే 31. మూసిన చిన్న గదిలో ఇంత గాలి ఎంతసేపు వస్తుంది?

గాలి చాలనప్పుడు గ్యాసు సగమే కాలుతుంది. అప్పుడు పుట్టేది కార్బన్ మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు. వంటగ్యాసు కారితే తెలియడానికి ఘాటైన వాసన కలుపుతారు. ఈ విషవాయువు విషయంలో ముక్కు ఎందుకూ కొరగాదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే 200 రెట్లకు మించిన బలంతో ఇది పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తల తిరగడం, వికారం. స్నానంచేసేవారు ఇదంతా ఆవిరి ఉక్క అనుకుంటారు. గడియ తీయాలని తోచేసరికి చేయి లేవదు. ఫ్రెంచి నవలాకారుడు ఎమిల్ జోలా 1902 సెప్టెంబరు 29న పారిస్‌లోని తన పడకగదిలో మరణించినది ఈ వాయువు వల్లనే. చలికాచుకునే పొయ్యి పొగగొట్టం పూడుకుపోయింది. ఆ గదిలోనే ఉన్న ఆయన భార్య ఎట్లాగో బ్రతికి బయటపడింది.

మెకానిక్కు గీజరును వెనుక బాల్కనీలో, ఎదురుగాలి నేరుగా కొట్టని గోడకు బిగించారు. స్నానాలగది గోడకు కంత పొడిచి వేడినీటి పైపు లోపలికి పోనిచ్చారు. గ్యాసు గొట్టం అతుకులకు సబ్బు నురుగు రాసి, బుడగలు లేస్తున్నాయేమోనని చూశారు. అగ్గిపుల్ల వెలిగించి చూడడం ఆత్మహత్యతో సమానమని హెచ్చరించారు.

తరువాత సర్దుబాటు. కుళాయి తిప్పగానే నీటి ఒత్తిడి లోపలి పలుచని రబ్బరు పొరను నెడుతుంది. దానితో గ్యాసు దారి తెరుచుకుంటుంది. బ్యాటరీ టకటకమని నిప్పురవ్వ పుట్టిస్తుంది. ఒత్తిడి చాలకపోతే మంట అంటుకోదు. పైకప్పు మీది ట్యాంకు 10 మీటర్ల ఎత్తున ఉంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి. ఎత్తు తగ్గినకొద్దీ అదీ తగ్గుతుంది. మంట మార్చకుండా నీటిని సగానికి తగ్గిస్తే వేడి రెట్టింపు పెరుగుతుంది. 25 డిగ్రీలు పెరగవలసిన నీరు 50 డిగ్రీలు పెరుగుతుంది. 60 డిగ్రీల నీరు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తుంది కనుక పిల్లల స్నానానికి ముందు చేయి పెట్టి చూడవలసిందే. మంట నీలంగా ఉండాలి. పసుపురంగుకు తిరిగినా, మసి కనిపించినా వాడకం ఆపి మెకానిక్కును పిలవాలి.

నా అనువాదంలో ఆ మాట చివరకు ఇట్లా వచ్చింది: “ఈ యంత్రాన్ని స్నానాలగదిలో బిగించరాదు. గాలి ఎల్లప్పుడూ స్వేచ్ఛగా ఆడే ఆరుబయలు చోటనే బిగించాలి.” మూలంలో రెండు మాటలున్న చోట తెలుగులో రెండు వాక్యాలయ్యాయి. సంస్థవారు వాటిని అట్లాగే అచ్చువేశారు.

గీజరు నడుస్తుండగా ఎవరికైనా తల తిరిగితే వెంటనే వారిని ఆరుబయటికి తీసుకురండి, గ్యాసు కట్టివేయండి, ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చండి. మీ గ్యాసు గీజరు స్నానాలగది లోపలే ఉంటే, చలికాలం కోసం చూడకుండా దాన్ని బయటకు మార్పించండి. దానికి కావలసినది కొన్ని గజాల పైపు, గోడకు ఒక కంత, మెకానిక్కుకు ఒక పూట పని.