కరువు పని, అఫ్గాన్ గోధుమలు

పాలమూరు పల్లెల్లో ఉపాధి హామీ పథకాన్ని ఆ పేరుతో పిలిచేవారు తక్కువ. "కరువు పనికి పోతున్నం" అంటారు. 2006లో ఆ పథకం మొదలైనప్పుడు మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు తొలి విడతలోనే చేరాయి. మాట మాత్రం అంతకన్నా పాతది. వాన తప్పిన ఏడు సర్కారు చెరువు కట్టపై మట్టి మోయించి కూలి ఇచ్చేది. మా అమ్మ 1972 కరువును తలచుకున్నప్పుడల్లా ఎండిన బావిని గురించి కాక, ఆ మట్టి తట్టను గురించే చెప్పేది.

మొన్న మదరసాకు వచ్చిన ఒక విద్యార్థి తండ్రి, "మౌలానా సాబ్, మనోళ్లు బతుకుదెరువుకు బొంబాయి పోతుంటే, సర్కారు అఫ్గానిస్తానోళ్లకు గోధుమలు పంపుడేంది?" అని అడిగాడు. కొట్టివేయదగిన ప్రశ్న కాదది. మా విద్యార్థుల్లో కొందరు సెలవులకు ఇంటికి పోతే తలుపుకు తాళమే కనిపిస్తుంది.

అయితే అక్కడి ఆకలి వేరు. 2021 ఆగస్టులో కాబూల్‌లో అధికారం తాలిబాన్ చేతికి వచ్చింది. విదేశీ సహాయం చాలావరకు ఆగిపోయింది. విదేశాల్లో దాచిన సుమారు 900 కోట్ల డాలర్ల నిల్వలను ఆ దేశాలు స్తంభింపజేశాయి. దానికి తోడు కరువు. ఆ చలికాలంలో జనాభాలో సగానికి పైగా, అంటే 2 కోట్ల 28 లక్షల మంది, తీవ్రమైన ఆకలికి లోనవుతారని ఐక్యరాజ్యసమితి సంస్థలు హెచ్చరించాయి. బజారులో పిండి ఉంది. కొనేవాడికి జీతం లేదు.

ఆ పాలకులను గుర్తించని భారత ప్రభుత్వమే ఆ అక్టోబరులో 50,000 టన్నుల గోధుమలు ఇస్తానన్నది. దారి పాకిస్తాన్ మీదుగా. ఎవరి లారీలు నడవాలన్న చర్చలోనే నెలలు గడిచాయి. తొలి లారీలు అట్టారీ నుండి కదిలింది 2022 ఫిబ్రవరి 22న; అప్పటికి చలికాలం చివరికి వచ్చింది. ఆకలి ముందు ఇంత జాగు ఏ ప్రభుత్వానికీ తగదు. కాని గోధుమలను పాలకులకు కాక, జలాలాబాద్‌లో ప్రపంచ ఆహార కార్యక్రమానికి అప్పగించడం సరైన పనేనని నా అభిప్రాయం.

హిజ్రీ 18లో మదీనా ప్రాంతం కరువు బారిన పడినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) ఇతర రాష్ట్రాల గవర్నర్లకు లేఖలు రాశారు. సిరియా నుండి హజ్రత్ అబూ ఉబైదా (రజి) ఒంటెలపై ధాన్యం తెచ్చారు. ఆ ఒంటెలను సరిహద్దులో నిలబెట్టేవారెవరూ లేరు!

ఆ తండ్రికి చెప్పిందీ ఇదే. వలస మన ప్రభుత్వాలను నిలదీయవలసిన విషయమే. కాని మనకు 1983 నుండి రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది, తరువాత పని హక్కు వచ్చింది. గోదాము నుండి రేషన్ దుకాణానికి దారి తెగలేదు. అఫ్గాన్ పల్లెకు తెగింది ఆ దారే. 2022 మే నెలలో గోధుమల ఎగుమతిని నిషేధించిన తరువాత కూడా సహాయపు లారీలు వెళ్లాయి. ఆ ఏడాది చివరికి 40,000 టన్నులు చేరాయి. 2023 మార్చిలో మరో 20,000 టన్నులు ప్రకటించారు, ఈసారి ఇరాన్‌లోని చాబహార్ రేవు మీదుగా. అదే ఏడాది నిధులు చాలక ప్రపంచ ఆహార కార్యక్రమం కోటి మంది అఫ్గాన్లకు సహాయం ఆపివేసింది.