కానొపీకి వేసిన ముసుగు



గత వర్షాకాలంలో బాలాపూర్‌లోని మా ఇంట జరిగిన సంగతి ఇది. పదవీ విరమణ తరువాత నాకు విమాన నమూనాలు కూర్చే అభిరుచి అబ్బింది. ఆ రోజు కిరణ్ విమానపు నమూనాకు ఎయిర్‌బ్రష్‌తో రంగు వేస్తున్నాను. 1964లో తొలిసారి ఎగిరిన ఆ విమానంపైనే మన దుండిగల్ అకాడమీలో ఎందరో పైలట్లు శిక్షణ పొందారు.

గురువు, శిష్యుడు పక్కపక్కన కూర్చునే ఆ విమానానికి పారదర్శకమైన కానొపీయే కన్ను. దానిపై మాస్కింగ్ టేపు అతికించి, చట్రం అంచుల వెంట కొత్త బ్లేడుతో కోసి, రంగు కిందికి పాకకుండా పుల్లతో అంచులు నొక్కాను. ముందు లోపలి రంగు, ఆపైన వెలుపలి రంగు పలుచని పొరలుగా చల్లాను. జల్లు కొడుతున్నదని కిటికీ మూశాను.

కాసేపటికి పక్కనున్న మనవడు దగ్గసాగాడు. వాడికి ఉబ్బసం. ఛాతీకి చెవి ఆనిస్తే పిల్లికూతలు. వెంటనే వరండాలోకి తీసుకువెళ్ళి ఇన్‌హేలర్ ఇచ్చాక కుదుటపడ్డాడు. ప్లాస్టిక్ ముక్కను అంత భద్రంగా కప్పిన వైద్యుడు పసివాడి ఊపిరిని మరచాడు!

రంగు తుంపరలోని సూక్ష్మ కణాలు ఊపిరితిత్తుల లోతుకు చేరగలవు. నీటితో కలిపే రంగులూ ఇందుకు మినహాయింపు కావు. థిన్నర్ ఆవిరిని గుడ్డ మాస్కు గాని, ఎన్95 గాని ఆపలేవు. యాక్టివేటెడ్ కార్బన్ కార్ట్‌రిడ్జి గల రెస్పిరేటర్, గాలిని బయటకు పంపే ఫ్యాను అవసరం. పిల్లలను, ఉబ్బసం ఉన్నవారిని ఆ గదిలోకి రానీయకండి.

మరునాడు టేపు మెల్లగా ఊడదీశాను. కానొపీ నిర్మలంగా మెరిసింది.

"తాతా, ఇప్పుడు పైలట్లకు ఆకాశం కనబడుతుందా?" అన్నాడు మనవడు, గుమ్మం అవతలి నుండే.