ముందు ఖాతా ఎవరిదో తేల్చుకోండి

ఫోన్ మార్చినప్పుడు చాలామందికి ఎదురయ్యే చిక్కు ఇది. కొత్త ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ ఆథెంటికేటర్ వేసుకుని బ్యాకప్ తెచ్చుకుంటే ఖాతాల పేర్లన్నీ వరసగా వచ్చేస్తాయి. బయటి సైట్ల ఆరంకెల కోడ్‌లు ఎప్పటిలాగే పనిచేస్తాయి. సొంత ఖాతా మరోసారి సైన్ ఇన్ అడిగి దారికొస్తుంది. ఆఫీసు ఖాతా మాత్రం మొరాయిస్తుంది. పేరు కనిపిస్తుంది గానీ అప్రూవల్ రాదు. వెంటనే యాప్ తీసేసి మళ్లీ వేస్తారు, ఫోన్ ఆపి ఆన్ చేస్తారు, తెలిసినవాళ్లు చెప్పిన సెట్టింగులన్నీ నొక్కిచూస్తారు. లోపం యాప్‌లోనే ఉందన్న నమ్మకంతో చేసే పనులివి. చాలాసార్లు యాప్‌లో లోపమేమీ ఉండదు. ఆ ఖాతా ఎవరి అధీనంలో ఉందో తేల్చుకోకుండా మరమ్మతుకు దిగడం వల్లే చిక్కు పెరుగుతుందని నా అభిప్రాయం.

యాప్ లోపల జరిగేది తెలిస్తే ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసిన క్షణాన సర్వర్ మన ఫోన్‌కు ఒక రహస్య సంఖ్య ఇస్తుంది. ఆ సంఖ్యనూ అప్పటి సమయాన్నీ కలిపి అటు సర్వర్, ఇటు ఫోన్ విడివిడిగా లెక్కకట్టి 30 సెకన్లకొక కోడ్ తేలుస్తాయి. ఈ పద్ధతి 2011లోనే ప్రమాణంగా ఖరారైంది. నెట్ లేకపోయినా కోడ్ వస్తుంది. కోడ్ సరిగ్గానే కొట్టినా తప్పంటే మొదట చూడాల్సింది ఫోన్ గడియారాన్ని. తేదీ, సమయం ఆటోమేటిక్‌లో ఉంచితే ఆ బాధ తీరుతుంది. ఇంతవరకూ సొంత ఖాతాకూ ఆఫీసు ఖాతాకూ తేడా లేదు. తేడా వచ్చేది రెండో కొసన. యాప్ తీసేస్తే ఫోన్‌లో ఉన్న సగమే పోతుంది, సర్వర్‌లో పాత ఫోన్ నమోదు అలాగే ఉంటుంది. సొంత ఖాతాలో ఆ నమోదును మార్చుకునే హక్కు మనది. ఆఫీసు ఖాతాలో అది కంపెనీ డైరెక్టరీలో, అంటే 2023 వరకు అజూర్ యాక్టివ్ డైరెక్టరీ అని, ఇప్పుడు ఎంట్రా ఐడీ అని పిలిచేదాంట్లో ఉంటుంది. దానిమీద చివరి మాట కంపెనీ అడ్మిన్‌ది.

ఒకే మెయిల్ అడ్రస్‌కు రెండు ఖాతాలున్నప్పుడు గందరగోళం ఇంకా ముదురుతుంది. ఆఫీసు మెయిల్‌తోనే సొంత మైక్రోసాఫ్ట్ ఖాతా కూడా తెరుచుకునే వీలు ఒకప్పుడు ఉండేది. కంపెనీ డైరెక్టరీలో ఉన్న అడ్రస్‌లకు 2016లో ఆ వీలు ఆపేశారు. అంతకుముందు తెరిచినవి మిగిలిపోయాయి. అందుకే మెయిల్ టైపు చేయగానే ‘వర్క్ ఆర్ స్కూల్ అకౌంట్’ కావాలా, ‘పర్సనల్ అకౌంట్’ కావాలా అని తెర అడుగుతుంది. అడ్రస్ ఒకటే అయినా పాస్‌వర్డ్‌లు వేరు, అప్రూవల్ వెళ్లే చోట్లు వేరు. ఏది నొక్కామో చూసుకోకపోతే సరైన పాస్‌వర్డ్ కూడా తప్పని చూపిస్తుంది. ఇలాంటివాళ్లు సొంత ఖాతాకు వేరే మెయిల్ జోడించి, దాన్నే ప్రధానంగా పెట్టుకుని, ఆఫీసు అడ్రస్ తీసేయడం మంచిది. ఉద్యోగం మారిన రోజున ఆ ఇన్‌బాక్స్ చేజారిపోతుంది, సొంత ఖాతాకు వచ్చే కోడ్‌లూ దాంతోపాటే పోతాయి.

ఎవరి ఖాతాయో తేలితే మందు కూడా తేలుతుంది. ఆఫీసుదైతే ఐటీ వాళ్లకు టికెట్ పెట్టాలి. అడ్మిన్ పాత నమోదు తీసేసి మళ్లీ రిజిస్టర్ చేయించగలడు, లేదా కొద్దిసేపే పనిచేసే తాత్కాలిక పాస్ ఇవ్వగలడు. సొంతదైతే మనకు అడ్మిన్ లేడు. ముందే ఇచ్చిన వేరే మెయిల్, ఫోన్ నంబర్, రాసి దాచుకున్న రికవరీ కోడ్, ఇవే మన సాక్షులు. అవేవీ చేతిలో లేక భద్రతా వివరాలన్నీ మార్చమంటే మైక్రోసాఫ్ట్ 30 రోజులు ఆగమంటుంది. ఇది మరీ అన్యాయమని చాలామంది కోప్పడతారు. కానీ అదే మార్పును ఒక దొంగ అడిగితే ఏమవుతుంది? అసలు యజమాని హెచ్చరిక చూసి దాన్ని రద్దు చేయడానికి మిగిలే గడువు ఆ నెల రోజులే. దాన్ని తగ్గించమని నేనైతే అడగను.

మామూలు మనిషికి ఈ తేడాలన్నీ ఎందుకు, యాప్ చెప్పొచ్చుగా అంటారు. ఆ ఫిర్యాదులో న్యాయముంది. ఆఫీసు ఖాతా ఆగిపోయినప్పుడు ‘మీ కంపెనీ ఐటీని అడగండి’ అని మొదటి తెరమీదే స్పష్టంగా రాయాలి. అయితే యాప్ ఎంత బాగుపడినా అధికారం ఎవరిదన్న ప్రశ్న పోదు. ఎస్సెమ్మెస్ ఓటీపీ చాలదా అనేది రెండో మాట. అమెరికా వెళ్లిన మన పిల్లల సంగతి చూడండి. ఖాతాలన్నీ ఇక్కడి నంబర్ మీద ఉంటాయి, రీఛార్జ్ ఆగితే నంబర్ పోతుంది, కొన్నాళ్లకు మరొకరి చేతికి వెళ్తుంది. ఇక తెరమీద కనిపించే రెండంకెలను ఫోన్‌లో కొట్టడం విసుగనేవాళ్లు 2022 సెప్టెంబరులో ఊబర్‌కు జరిగింది గుర్తుంచుకోవాలి. ఒక కాంట్రాక్టర్ ఫోన్‌కు అప్రూవల్ అభ్యర్థనలు వరసగా వచ్చాయి, చివరికి ఒకటి ఆమోదం పొందింది, దుండగుడు లోపలికి చొరబడ్డాడు. మైక్రోసాఫ్ట్ 2023 మే నుంచి ఆ రెండంకెల పద్ధతిని అందరికీ తప్పనిసరి చేసింది.

పాత ఫోన్‌ను ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చేముందు ఒక్క పని చేయండి. అది పనిచేస్తుండగానే రెండు ఖాతాల భద్రతా పేజీలూ విడివిడిగా తెరిచి, కొత్త ఫోన్‌ను చేర్చి, దాంతో ఒకసారి లాగిన్ అయి చూసుకోండి. సొంత ఖాతా రికవరీ కోడ్‌ను కాగితం మీద రాసి ఇంట్లో దాచండి. ఆ తర్వాతే పాత ఫోన్‌ను చెరిపేయండి.