లోహానికి తగిన తోడు

ముప్పై ఏళ్లకు పైబడి ఉత్ప్రేరకాలతో సహవాసం చేస్తున్నవాణ్ణి. శుద్ధి కర్మాగారంలో పనిచేసే మనకు ఉత్ప్రేరకం అంటే డ్రమ్ముల్లో టన్నుల లెక్కన దిగే గుళికలు. షట్‌డౌన్ సమయంలో రియాక్టర్‌లో నింపడం, ఆయుష్షు తీరాక దించడం మన పని. ఆ గుళిక మీద ఏ పరమాణువు పక్కన ఏది కూర్చున్నదని మనం సాధారణంగా అడగం. హైదరాబాదులో ఒక ఔషధ సంస్థలో రసాయన శాస్త్రజ్ఞురాలిగా ఉన్న మా అమ్మాయి మాత్రం రెండేళ్లుగా అదే ప్రశ్నతో కాలక్షేపం చేస్తున్నది. “నాన్నా, మీది టన్నుల లెక్క, మాది మిల్లీగ్రాముల లెక్క” అని నవ్వుతుంది. ఆ మిల్లీగ్రాముల లోకాన్ని ఇంజనీరు కళ్లతో చూడాలని కొన్ని నెలలు చదివాను. అందులో నాకు పట్టుబడినది సహోద్యోగ మిత్రులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

మన వయసు వారిలో ఎంతోమంది రక్తపోటుకు లోసార్టాన్ మాత్ర వేసుకుంటారు. ఆ మందు అణువులో రెండు బెంజీన్ వలయాలు ఒకే ఒక కర్బన బంధంతో కలిసి ఉంటాయి. వినడానికి స్వల్పమే. కాని ఒక వలయంలోని కర్బనాన్ని మరొక వలయంలోని కర్బనంతో కోరిన చోట మాత్రమే అతికించడం చాలాకాలం కష్టసాధ్యంగా ఉండేది. పల్లాడియం లోహం సాయంతో ఇటువంటి బంధాలు వేసే మార్గాలు చూపినందుకే రిచర్డ్ హెక్, ఎయిచి నెగిషి, అకిరా సుజుకి 2010లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్నారు. మెర్క్ శాస్త్రవేత్తలు 1994లో ప్రచురించిన లోసార్టాన్ తయారీ విధానంలో ఆ వలయాలను కలిపింది సుజుకి పద్ధతే.

ఈ సంధాన ప్రక్రియలో మూడు మజిలీలున్నాయి. పల్లాడియం మొదట ఒక అణువులోని కర్బన–హాలోజన్ బంధంలోకి చొరబడుతుంది. తరువాత రెండవ అణువు తన కర్బన భాగాన్ని లోహానికి అప్పగిస్తుంది. చివరకు లోహం ఆ రెండింటినీ జతచేసి విడిచిపెట్టి, తాను పూర్వస్థితికి వస్తుంది. అయితే తోడులేని పల్లాడియం పరమాణువులు ద్రావణంలో నిలవవు. ఒకదానితో ఒకటి చేరి నల్లని పొడిగా అడుగున పేరుకుంటాయి. వాటిని నిలిపి ఉంచే తోడే ఫాస్ఫీన్. ఒక భాస్వర పరమాణువు, దాని చుట్టూ మూడు కర్బన సమూహాలు: ఇదే దాని స్వరూపం. భాస్వరం తన ఎలక్ట్రాన్ జంటను లోహానికి అందించి అంటిపెట్టుకొని ఉంటుంది. ఇలా లోహాన్ని ఆశ్రయించే అణువును లైగాండ్ అంటారు.

ఏ ఫాస్ఫీన్ ఎలాంటి తోడో కొలవడానికి అమెరికాలోని డ్యూపాంట్ సంస్థకు చెందిన చాడ్విక్ టోల్మన్ 1970లో రెండు కొలమానాలు ఇచ్చాడు. మొదటిది అది ఎలక్ట్రాన్లను ఎంత ధారాళంగా ఇస్తుందో చెబుతుంది. రెండవది అది ఎంత చోటు ఆక్రమిస్తుందో చెబుతుంది. లోహాన్ని శిఖరంగా ఉంచి, ఫాస్ఫీన్ మొత్తం ఇమిడేలా ఒక శంకువు గీస్తే వచ్చే కోణమే ఆ కొలత. ట్రైమిథైల్ ఫాస్ఫీన్‌కు 118 డిగ్రీలు, ట్రైఫినైల్ ఫాస్ఫీన్‌కు 145, ట్రై-టెర్ట్-బ్యుటైల్ ఫాస్ఫీన్‌కు 182. అంటే ఈ చివరిది లోహం చుట్టూ ఉన్న చోటులో సగానికి పైగా తానే ఆక్రమిస్తుంది.

రంధ్రాలు పూడుకుపోయి చచ్చుబడిన ఉత్ప్రేరకాలను చూసిన నాకు ఇరుకు అంటే నష్టమే. ఇక్కడ వ్యవహారం తలకిందులు. తోడు ఎంత విశాలమైతే రెండవ తోడుకు అంత చోటు ఉండదు. లోహం పక్కన ఒకే ఒక ఫాస్ఫీన్ మిగులుతుంది, ఎదుటి వైపు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలోనే చర్య జరుగుతుంది. పైగా చివరి మజిలీలో ఆ ఇరుకే రెండు కర్బనాలను దగ్గరకు నెట్టి జతచేయిస్తుంది.

ఇందులో డబ్బు సంగతి కూడా ఉన్నది. బెంజీన్ వలయం నుంచి అయోడిన్‌ను విడదీయడానికి మోలుకు సుమారు 65 కిలోకేలరీలు, బ్రోమిన్‌కు 81, క్లోరిన్‌కు 96 కావాలి. చవకగా, విరివిగా దొరికేవి క్లోరిన్ సమ్మేళనాలే. సాధారణ ట్రైఫినైల్ ఫాస్ఫీన్‌తో మొదటి రెండూ లొంగేవి, క్లోరిన్ చాలావరకు మొరాయించేది. 1998లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలోనే ఇద్దరు ఆచార్యుల బృందాలు దీనికి దారి చూపాయి. గ్రెగరీ ఫు బృందం ఆ 182 డిగ్రీల ఫాస్ఫీన్‌నే వాడింది. స్టీఫెన్ బుక్‌వాల్డ్ బృందం జంట వలయాల మీద భాస్వరాన్ని నిలిపిన కొత్త ఫాస్ఫీన్‌ను రూపొందించింది. రెండూ విశాలమైనవే, రెండూ ఎలక్ట్రాన్లు ధారాళంగా ఇచ్చేవే.

తేడా గాలి తగిలినప్పుడు తెలుస్తుంది. ట్రై-టెర్ట్-బ్యుటైల్ ఫాస్ఫీన్ గాలిలో తనంతట తానే మండగలదు. దాన్ని నిర్భయంగా తూచగల లవణంగా మార్చే ఉపాయాన్ని ఫు బృందమే 2001లో ప్రకటించింది. బుక్‌వాల్డ్ ఫాస్ఫీన్లలో భాస్వరానికి దిగువనున్న రెండవ వలయం ఆక్సిజన్‌ను దరిచేరనీయదు. అందుకే వాటిలో చాలావాటిని మామూలు తెల్లని పొడిలా తూచవచ్చు.

పోయిన ఏడాది ఒక ఆదివారం మా అమ్మాయి ఫోను చేసింది. “రెండు లైగాండ్లు మిగిలాయి నాన్నా. ఒకటి త్వరగా పని ముగిస్తుంది, గాలి తగలకూడదు. రెండోది కాస్త నిదానం, గాలికి చెక్కుచెదరదు. మీరైతే ఏది తీసుకుంటారు?”

“రాత్రి మూడు గంటలకు దాన్ని తూచేది ఎవరమ్మా?” అన్నాను.

కాసేపు మాట లేదు. “మా పట్టికలో ఆ గడి లేదు” అన్నది. మరుసటి వారం ఆ గడి చేర్చిందట. దిగుబడి, కాలవ్యవధి, పల్లాడియం పరిమాణం, అంతిమ మందులో మిగిలే లోహం పక్కన “తూచే మనిషి” అని ఒక వరుస. నోటి ద్వారా వాడే మందులో పల్లాడియం రోజుకు 100 మైక్రోగ్రాములు మించరాదన్న అంతర్జాతీయ మార్గదర్శకానికి రెండు లైగాండ్లూ లోబడ్డాయి. సంస్థ వారు నిదానమైనదాన్నే ఎంచుకున్నారు. రెండేళ్ల శ్రమలో ఆమె మెచ్చి పెంచిన లైగాండ్ మొదటిదే. దాన్ని పక్కన పెట్టవలసి వచ్చినందుకు బాధపడిందని వాళ్లమ్మ చెబితే తెలిసింది.

ఆ బాధ నాకు అర్థమైంది. అయినా ఆ నిర్ణయం సరైనదేనని ఆమెకు చెప్పాను. ఫాస్ఫీన్ మీద ఏ సమూహం ఉండాలో నిర్ణయించడం ఎంత రూపకల్పనో, అది డ్రమ్ములోంచి రియాక్టర్‌లోకి ఎలా చేరుతుందో ఆలోచించడమూ అంతే రూపకల్పన. కొత్త ప్రక్రియలను పరిశీలించే సంఘాల్లో కూర్చునే మిత్రులకు నాదొక్కటే మనవి. పట్టిక ముందుకు వచ్చినప్పుడు దిగుబడి గడి చూసినంత శ్రద్ధగా, డ్రమ్ము మూత తెరిచే మనిషికి అందులో ఒక గడి ఉన్నదో లేదో కూడా చూడండి.