చిప్పుకి చలి పెట్టే మహానుభావులు

ఏమండోయ్, మీ ఇంట్లో కంప్యూటరుందిగా? దాని ప్రాసెసర్ ఎంత స్పీడో తెలుసా? తెలీదా? పోన్లెండి, తెలిసినవాళ్లు మాత్రం ఏం బావుకున్నారు! డబ్బా మీద ఏదో అంకె ఉంటుంది, పక్కన గిగాహెర్ట్జ్ అని ఉంటుంది. షాపువాడు అది చూపిస్తాడు, మనం అంతా తెలిసినట్టు తలూపుతాం, బిల్లు కట్టి వచ్చేస్తాం. తలూపనివాళ్లు కొందరున్నారండీ లోకంలో. "కంపెనీవాడు ఆరు అన్నాడా? అయితే తొమ్మిది లాగుదాం పట్టు" అంటారు. ఇవాళ వాళ్ల కబుర్లే.

అయ్యో, అప్పుడే జారుకుంటున్నారే! మాకు కంప్యూటర్ల గొడవ అర్థం కాదంటారా? కాస్త ఆగండి. ఇందులో పెన్సిల్ ఉంది, వాసెలిన్ ఉంది, పశువుల ఆసుపత్రి కూడా ఉంది. ఆగారా? మంచిది.

ఈ ఆట పేరు ఓవర్‌క్లాకింగ్. ప్రాసెసర్ ఒక తాళానికి పనిచేస్తుంది. ఒక గిగాహెర్ట్జ్ అంటే సెకనుకి వంద కోట్ల దెబ్బలు. ఎంత వేగంగా కొట్టాలో కంపెనీవాడే ఖాయం చేసి పంపుతాడు. వాడు మహా జాగ్రత్తపరుడు. మే నెలలో, బెజవాడలో, దుమ్ము పట్టిన ఫ్యాను కింద కూడా చిప్పు ఏళ్ల తరబడి నడవాలి కదా! అందుకని కాస్త మిగులు ఉంచి అంకె వేస్తాడు. ఆ మిగులు మీదే మనవాళ్ల కన్ను.

మొదట్లో ఇదంతా పిసినారుల విద్యేనండీ. 1998లో ఇంటెల్ వాళ్లు సెలెరాన్ 300ఏ అని ఒక చవక చిప్పు దించారు. వేగం 300 మెగాహెర్ట్జ్. వెయ్యి మెగాలైతే ఒక గిగా. మదర్‌బోర్డు నుంచి 66 మెగాహెర్ట్జ్ తాళం వస్తే, దాన్ని నాలుగున్నర రెట్లు చేసుకుని పరిగెత్తేది. ఎవరో చిలిపివాళ్లు ఆ 66ని 100 చేశారు. లెక్క కట్టండి, ఎంతయింది? 450! చాలా చిప్పులు కిక్కురుమనకుండా ఆ వేగంతో నడిచాయి కూడా. 450 మెగాహెర్ట్జ్ పెంటియం టూ కొనాలంటే జేబు ఖాళీ అయ్యే రోజులవి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో మెట్లెక్కి దిగి, షాపు షాపుకీ బేరమాడి పార్టులు కూడబెట్టుకున్న తరం ఈ మాట వింటే ఇప్పటికీ మురిసిపోతుంది. మురవదూ మరి? బేరమాడకుండానే సగం వేగం ఉచితం!

పెన్సిల్ సంగతి చెప్తానన్నాగా. 2000 ప్రాంతంలో ఏఎండీ వాళ్లు అథ్లాన్, డ్యూరాన్ చిప్పులకి తాళంకప్ప వేసేశారు. వేగం మార్చే రెట్లు జనం ముట్టుకోకుండా చిప్పు మీద సన్నని గీతల్లాంటి కలుపులు తెంపేశారన్నమాట. మనవాళ్లు ఊరుకుంటారా? మామూలు పెన్సిల్ తీసుకుని, ఆ తెగిన చోట జాగ్రత్తగా రుద్దారు. పెన్సిల్ ముల్లులో ఉండేది గ్రాఫైటే కదా, దాంట్లోంచి కరెంటు పారుతుంది. తాళం ఊడింది. ఇంత పెద్ద కంపెనీ, అంత పెద్ద ఇంజనీర్లు... చివరికి బడిపిల్లాడి పెన్సిల్!

ఇప్పుడా పిసినారితనం చెల్లదు లెండి. 2024లో వచ్చిన కోర్ ఐ9 14900కేఎస్ చిప్పుకి ఇంటెల్ వాడే 6.2 గిగాహెర్ట్జ్ దాకా వేగం పెట్టి అమ్మాడు. ఆ మిగులంతా వాడే జుర్రేశాడు. ఇక లాభం లేదు, ఆదా లేదు. మిగిలింది ఉత్త ఆట. ఆ ఆటలోనే ఉందండీ అసలు మజా!

వేగం పెంచాలంటే ఓల్టేజీ పెంచాలి. ఓల్టేజీ రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. ఆపైన వేగం పెరిగినకొద్దీ మరికాస్త వేడి. ఫ్యానుకి తీరదు, నీళ్లకీ తీరదు. అందుకని వీళ్లు ద్రవ నైట్రోజన్ దగ్గరికెళ్లారు. మైనస్ 196 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం. మీరు చూసే ఉంటారు. ఎగ్జిబిషన్లో పొగలు కక్కే ఐస్‌క్రీమ్ బండి దగ్గర పిల్లలు మారాం చేసేది దాని కోసమే. పల్లెటూరివాళ్లయితే ఇంకా ముందే చూశారు. పశువుల ఆసుపత్రిలో ఆంబోతు వీర్యం గొట్టాలు దాచే పెద్ద క్యాను మూత తీస్తే తెల్లటి పొగ వస్తుంది చూడండి, అందులో ఉండేది ఇదే. మన దగ్గర ఆవు కట్టడానికి పనికొచ్చేది తైవాన్లో ప్రపంచ రికార్డు కొట్టడానికి పనికొస్తోంది. ఏ వస్తువుకి ఎక్కడ రాసిపెట్టుందో!

పద్ధతి వినండి. ప్రాసెసర్ నెత్తిన ఒక రాగి పాత్ర బిగిస్తారు. గ్లాసంత పొడుగు, అడుగు భాగం మందం. అందులో నైట్రోజన్ పోస్తారు. అంతేనా అంటే అంతే. కానీ ముందు నీళ్లతో యుద్ధముంది. నీళ్లెక్కడివంటారా? గాల్లోవే! ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టే, అంత చలికి గాల్లో తేమంతా బోర్డు మీద మంచై పేరుకుంటుంది. కరిగితే నీళ్లు. నీళ్లు తగిలితే షార్టు. అందుకని మదర్‌బోర్డంతా వాసెలిన్ పూసేస్తారండీ! ర్యామ్ పెట్టే సందుల్లో కూడా! మీరు చలికాలంలో పెదాలకి రాసుకునేదే. కొందరు బొమ్మలేసేవాళ్ల మెత్తటి రబ్బరు ముద్ద చేసి పాత్ర చుట్టూ అతుకుతారు. పైన ఏసీ పైపులకి చుట్టే నల్ల స్పాంజి, దాని మీద టిష్యూ కాగితాలు. పక్కనే హెయిర్ డ్రైయర్. అరవై వేల మదర్‌బోర్డుకి ఈ సింగారం చూస్తే దాన్ని కొనిచ్చిన తండ్రికి గుండె ఆగుతుంది.

ఇక ఆట మొదలు. ఎడం చేత ఫ్లాస్కు, కుడి చేత మౌసు. కళ్లు పాత్రకి గుచ్చిన థర్మామీటరు మీద. మైనస్ 80... మైనస్ 110... పొగ బల్ల అంచు మీదుగా కిందికి జారి కాళ్ల దగ్గర పేరుకుంటుంది. ఎక్కువ పోశారా, చిప్పు చటుక్కున ఆగిపోతుంది. కొన్ని చిప్పులకి ఒక హద్దు దాటిన చలి గిట్టదు, దాన్ని కోల్డ్ బగ్ అంటారు. అప్పుడేం చేస్తారో తెలుసా? గ్యాస్ టార్చి వెలిగించి రాగి పాత్రని వేడి చేస్తారు! చలి పెట్టడానికి నైట్రోజన్, చలి తీయడానికి నిప్పు, రెండూ ఒకే బల్ల మీద. మరి తక్కువ పోశారా? పరీక్ష ప్రోగ్రాము మొదలవగానే చిప్పు ఒక్కసారిగా వేడెక్కి స్క్రీను నీలం తిరుగుతుంది. అందుకని ఎంటర్ కొట్టే ముందే ఒక గుక్క పోసి ఉంచాలి. ఎంత గుక్క? అది ఏ పుస్తకంలోనూ ఉండదు. చెయ్యి తిరగాలి.

అన్నట్టు, కిటికీలు తీసే ఉంచుతారు. లీటరు ద్రవం ఆవిరైతే ఏడొందల లీటర్ల దాకా గ్యాసవుతుంది. గదిలో ప్రాణవాయువుని పక్కకి నెట్టేస్తుంది. మూసిన గదిలో ఈ సరదా ప్రాణం మీదికి తెస్తుంది. ఇది మాత్రం ఎగతాళి కాదండీ.

రికార్డుల మాటకొద్దాం. 2014లో ఫిన్లండ్ వాడొకడు, ది స్టిల్ట్ అని మారుపేరు, ఏఎండీ ఎఫ్‌ఎక్స్-8370 చిప్పుని 8,722 మెగాహెర్ట్జ్‌కి తీసుకెళ్లాడు. ఆ ఎఫ్‌ఎక్స్ చిప్పులకి కోల్డ్ బగ్ బాధ లేదు, ఎంత చలైనా కిమ్మనవు. మామూలు వాడకంలో వాటిని అందరూ తెగ తిట్టారు పాపం! ఎనిమిదేళ్లు ఆ అంకెని ఎవడూ కదపలేదు. 2022లో స్వీడన్ వాడు ఎల్మార్ కదిపాడు. ఆ డిసెంబరులోనే 9 గిగాహెర్ట్జ్ గీత దాటాడు. దానికి నైట్రోజన్ చాల్లేదు, ద్రవ హీలియం తెచ్చాడు. మైనస్ 269! ఖరీదు చెప్తే మీరు కుర్చీ మీంచి పడతారు, చెప్పను. 2024 మార్చిలో అతనిదే 9,117 చిల్లర. 2025లో చైనా వాడు విటివిక్స్ దాన్ని 9,130కి జరిపాడు.

పన్నెండు చిల్లర మెగాహెర్ట్జ్ కోసం ఇంత గోలా అని మూతి విరుస్తున్నారా? 1981లో వచ్చిన మొట్టమొదటి ఐబీఎమ్ పీసీ మొత్తం వేగం 4.77 మెగాహెర్ట్జ్. ఆ చైనా వాడు పాత రికార్డు మీద జరిపిన ఆ కాస్తలో అలాంటి పీసీలు రెండు పడతాయి. ఇప్పుడు చెప్పండి, తక్కువా?

ఇంతకీ ఆ వేగంతో ఏం చేస్తారంటే... ఏమీ చేయరు. చిప్పులోని చిన్న బుర్రల్ని, అదే కోర్లని, సగం పైగా ఆపేసి, ఒక చిన్న ప్రోగ్రాము తెరిచి, అంకె కనబడగానే నమోదు చేసుకుంటారు. మరుక్షణం మిషను బిగుసుకుపోయినా ఫర్వాలేదు. ఇంకో పందెం సూపర్ పై. 1995లో టోక్యో విశ్వవిద్యాలయంలో పై విలువని నాలుగొందల కోట్ల అంకెలకి పైగా లెక్కకట్టారు. ఆ ప్రోగ్రాముని ఇంటి కంప్యూటర్లకి దించితే, పది లక్షల అంకెలు ఎవరు ముందు తేలుస్తారని వీళ్లు కొట్టుకుంటున్నారు. ఆ అంకెలు ఎవరికి కావాలి? ఎవరికీ అక్కర్లేదు! దీని కోసం కొత్త కొత్త ప్రాసెసర్ మీద ముసలి విండోస్ ఎక్స్‌పీ ఎక్కిస్తారు, అందులో కాస్త సమయం కలిసొస్తుందని.

దొంగలు లేరా అంటారా? మనుషులాడే ఆటేగా! పాయింట్ల లెక్క చూసే సంఘం ఒకటుంది, హెచ్‌డబ్ల్యూబాట్ అని, బెల్జియంలో పుట్టింది. స్క్రీన్‌షాట్లో ఏ కిటికీ తెరిచుండాలో కూడా వాళ్లకి రూలుంది. 2013లో వాళ్లకో చోద్యం దొరికింది. విండోస్ 8లో కూర్చుని మూల తాళాన్ని అటూ ఇటూ మారిస్తే కంప్యూటర్ గడియారమే నెమ్మదిస్తోంది! గడియారం నెమ్మదిస్తే పరుగు తక్కువ సెకన్లలో అయిపోయినట్టు చూపిస్తుంది కదా. స్కోర్లు ఎగబాకాయి. విండోస్ 8 స్కోర్లకి వీల్లేదు పొమ్మన్నారు. పరుగు పందెంలో స్టాప్‌వాచీనే మేనేజ్ చేయడమంటే ఇదీ.

చిప్పులు ఏరడం ఇంకో పెద్ద తతంగం. ఒకే మోడలు, ఒకే ధర, ఒకే ఫ్యాక్టరీ. అయినా ఒకటి ఎగిరి గంతేస్తుంది, ఇంకోటి మొరాయిస్తుంది. తయారీలో కంటికి కనపడని తేడాలు. అందుకని పెద్ద ఆటగాళ్లు డజన్ల కొద్దీ తెప్పించి ఒక్కోటీ పరీక్షించి, బంగారం లాంటిదొకటి ఉంచుకుని మిగతావి అమ్మేస్తారు. మీరు సెకండ్ హ్యాండ్లో మురిపెంగా కొన్న చిప్పుందే... వద్దులెండి, మీ సంతోషం నేనెందుకు చెడగొట్టడం.

ఇవన్నీ డబ్బున్నవాళ్ల ముచ్చట్లు అనుకుంటున్నారా? ఇక్కడే నాకు నచ్చిన సంగతుంది. పోటీ మోడలు మోడలుకీ విడివిడిగా నడుస్తుంది. పెంటియం త్రీకి దాని పట్టిక దానిది, పాత సెలెరాన్‌కి దానిది. పాతిక ముప్పై ఏళ్ల కిందటి చిప్పుని తుప్పు దులిపి రికార్డు పెట్టేవాళ్లూ ఉన్నారు. పెంటియం ఫోర్ కాలం నాటి చవక సెలెరాన్ ఒకటి చలికి ఉబ్బితబ్బిబ్బై 8 గిగాహెర్ట్జ్ దాటిపోయింది! పుట్టినప్పుడు దాన్ని ఎవడూ లెక్కచేయలేదు. అదేమో తర్వాత తరం రాజాలనెందరినో వెనక్కి నెట్టింది.

కాబట్టి వినండి. మీ అటక మీద తెల్లదనం పోయి పసుపెక్కిన క్యాబినెట్ ఒకటుంటుంది, నాకు తెలుసు. అబ్బాయి ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు కొన్నది, పాత సామాన్లవాడు నూటయాభై ఇస్తానంటే ఇవ్వకుండా దాచింది. దాన్ని అమ్మకండి. స్క్రూలు విప్పి, లోపల ఏ చిప్పుందో నంబరు రాసి పట్రండి, ఏ పట్టికలోదో చూద్దాం. వాసెలిన్ నా దగ్గరుంది. అటకెక్కేటప్పుడు నిచ్చెన ఎవరినైనా పట్టుకోమనండి!